ఫుటేజ్ పోతే మళ్లీ రాదు: ఫోన్‌తో వీడియోలు చేసేవాళ్లకు స్టోరేజ్, బ్యాకప్ గైడ్

ఫోన్ రివ్యూ ఏది ఓపెన్ చేసినా మన కళ్లు ముందు కెమెరా సెక్షన్‌కే వెళ్తాయి. సెన్సర్ ఎంత పెద్దది, ఓఐఎస్ ఉందా, 4కే 60 ఎఫ్‌పీఎస్ వస్తుందా... అన్నీ అడుగుతాం. తీసిన వీడియో ఆ తర్వాత ఎక్కడికి వెళ్తుంది అనేది మాత్రం ఎవరం అడగం. 'స్టోరేజ్ ఫుల్' అని మెసేజ్ వచ్చినప్పుడే అది గుర్తొస్తుంది. అప్పుడు కంగారులో ఏదో ఒకటి డిలీట్ చేసేసి షూట్ కానిచ్చేస్తాం.

సరదాకి వీడియోలు తీసుకునేవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. కానీ యూట్యూబ్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో సొంతంగా కంటెంట్ చేసేవాళ్లకు ఫుటేజే అసలు ఆస్తి. పెద్ద ప్రొడక్షన్ అయితే డేటా కాపీ చేయడానికే విడిగా ఒక మనిషి ఉంటాడు. మన దగ్గర షూట్, ఎడిట్, థంబ్‌నెయిల్, అప్‌లోడ్ అన్నీ ఒక్కరే. అందుకే ఎవరికీ పట్టని పని ఏదైనా ఉందంటే అది బ్యాకప్.

ఇందులో పోయేదేంటో ఒకసారి ఆలోచించండి. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది. ఆ ఫుటేజ్ పోతే మళ్లీ రెండేళ్లు ఆగాలి. గోదావరి పుష్కరాలు 2015లో అయ్యాయి, మళ్లీ 2027లోనే. మీ ఊళ్లో ఒక పెద్దాయన చెప్పిన పాత కబుర్లు, అమ్మమ్మ చేసి చూపించిన వంట లాంటివి పోతే ఎన్నేళ్లు ఆగినా రావు. ఫోన్ పోతే ఈఎంఐ మీద ఇంకోటి కొనుక్కోవచ్చు. దాంట్లో ఉన్నది మాత్రం ఏ షోరూమ్‌లోనూ దొరకదు.

ఈ ఆర్టికల్‌లో ఖరీదైన గేర్ ఏమీ చెప్పను. ఒక ఫోన్, ఒక మామూలు కంప్యూటర్, రెండు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు ఉంటే చాలు. ముందు లెక్క, తర్వాత పద్ధతి.

ముందు లెక్క వేద్దాం

ఎంత స్టోరేజ్ కావాలి అనేది అందాజాగా కాకుండా లెక్కేసి తెలుసుకోవచ్చు. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో యాపిలే ఈ అంకెలు చూపిస్తుంది. హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో నిమిషానికి సుమారుగా:

- 1080పీ, 30 ఎఫ్‌పీఎస్: 60 ఎంబీ
- 4కే, 30 ఎఫ్‌పీఎస్: 170 ఎంబీ
- 4కే, 60 ఎఫ్‌పీఎస్: 400 ఎంబీ

ఆండ్రాయిడ్ ఫోన్లలో బిట్‌రేట్ కంపెనీని బట్టి మారుతుంది. మీ ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి, ఫైల్ డీటెయిల్స్‌లో సైజ్ చూస్తే మీ నంబర్ మీకు తెలిసిపోతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. వారానికి ఒక వీడియో చేస్తున్నారు, ఒక్కో వీడియోకి 90 నిమిషాల ఫుటేజ్ తీస్తున్నారు అనుకుందాం. 4కే 30లో అయితే 90ని 170తో గుణిస్తే 15.3 జీబీ. ఏడాదికి 52 వారాలు, అంటే దాదాపు 800 జీబీ. అదే 1080పీలో అయితే ఏడాదికి 281 జీబీ దగ్గర ఆగిపోతుంది. 4కే 60లో ఏడాది మొత్తం తీస్తే 1,870 జీబీ దాటుతుంది.

ఈ లెక్కలోంచే రెండు నిర్ణయాలు వస్తాయి. ఒకటి, 4కే 30లో పనిచేసేవాళ్లకు 1 టీబీ డ్రైవ్ ఒకటి ఏడాదికి సరిపోతుంది. 1 టీబీ డ్రైవ్ కొన్నాక విండోస్‌లో 931 జీబీ అని చూపిస్తుంది. అది మోసం కాదు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే తేడా. రెండోది, ప్రతి షాట్‌నీ 4కే 60లో తీయాల్సిన పని లేదు. స్లో మోషన్ చేసే షాట్లకు 60 ఎఫ్‌పీఎస్ ఉపయోగం. కుర్చీలో కూర్చుని మాట్లాడే వీడియోకి 30 చాలు. స్టోరేజ్ సగానికి పైగా మిగులుతుంది, ఎడిటింగ్‌లో కంప్యూటర్ కూడా ఇబ్బంది పెట్టదు.

హెచ్‌ఈవీసీ వాడాలా, హెచ్.264 వాడాలా అనే డౌట్ చాలామందికి ఉంటుంది. హెచ్‌ఈవీసీలో ఫైల్ సైజ్ దాదాపు సగం. కానీ పాత ల్యాప్‌టాప్‌లలో దాన్ని డీకోడ్ చేసే హార్డ్‌వేర్ లేకపోతే టైమ్‌లైన్ ఆగుతూ ఆగుతూ ప్లే అవుతుంది. మీ కంప్యూటర్ బాగానే లాగుతుంటే హెచ్‌ఈవీసీకే ఓటు వేయండి. లాగకపోతే హెచ్.264లో తీసుకుని, స్టోరేజ్ లెక్క రెట్టింపు చేసుకోండి.

స్పెక్ షీట్‌లో కనిపించని స్పెక్: యూఎస్‌బీ స్పీడ్

ఫోన్‌కి టైప్-సి పోర్ట్ ఉన్నంత మాత్రాన డేటా ఫాస్ట్‌గా వెళ్తుందని అనుకోవద్దు. టైప్-సి అనేది పోర్ట్ ఆకారం మాత్రమే. లోపల యూఎస్‌బీ 2.0 ఉండొచ్చు, 3 కూడా ఉండొచ్చు. ఐఫోన్ 15లో టైప్-సి ఉన్నా స్పీడ్ యూఎస్‌బీ 2దే, అంటే 480 ఎంబీపీఎస్. 15 ప్రోలో అయితే 10 జీబీపీఎస్ వరకు వెళ్తుంది. మిడ్‌రేంజ్ ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు ఇప్పటికీ యూఎస్‌బీ 2.0నే.

తేడా ఎంతంటే, యూఎస్‌బీ 2.0లో నిజంగా వచ్చే స్పీడ్ సెకనుకు 35 ఎంబీ దగ్గర ఉంటుంది. 60 జీబీ కాపీ అవ్వడానికి దాదాపు అరగంట. యూఎస్‌బీ 3లో సెకనుకు 400 ఎంబీ వస్తే అదే పని రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. రోజూ అరగంట పట్టే పని ఎవరైనా వాయిదా వేస్తారు. మూడు నిమిషాల పని అయితే వాయిదా వేయరు. బ్యాకప్ అలవాటు కావాలా వద్దా అనేది ఇక్కడే తేలిపోతుంది. కాబట్టి క్రియేటర్‌గా ఫోన్ కొంటున్నప్పుడు మెగాపిక్సెల్స్‌తో పాటు ఈ లైన్ కూడా చూడండి.

ఇంకో చిన్న విషయం. బాక్స్‌లో వచ్చిన ఛార్జింగ్ కేబుల్ చాలాసార్లు యూఎస్‌బీ 2.0 కేబులే. ఫోన్ 3ని సపోర్ట్ చేస్తున్నా ఆ కేబుల్‌తో పెడితే స్పీడ్ రాదు. డేటా కేబుల్ విడిగా తీసుకోవాలి.

డ్రైవ్ ఫార్మాట్ విషయంలో కూడా జాగ్రత్త. ఎఫ్‌ఏటీ32లో 4 జీబీ కంటే పెద్ద ఫైల్ పట్టదు. నిమిషానికి 170 ఎంబీ లెక్కన 24 నిమిషాల క్లిప్‌కే ఆ హద్దు దాటిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో పెట్టుకుంటే విండోస్, మ్యాక్ రెండింటిలో పనిచేస్తుంది. ఫార్మాట్ చేస్తే డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది కాబట్టి కొన్న రోజే ఆ పని చేసేయండి.

ఇవి బ్యాకప్ కాదు

"యూట్యూబ్‌లో ఉంది కదా బ్రో, ఇంక బ్యాకప్ ఎందుకు?" అని చాలామంది అంటారు. యూట్యూబ్‌లో ఉన్నది మీ ఫైనల్ వీడియో. రా ఫుటేజ్ కాదు. పైగా స్టూడియోలోంచి మీ వీడియోనే మీరు డౌన్‌లోడ్ చేసుకుంటే సైజ్‌ని బట్టి 720పీ లేదా 360పీలో వస్తుంది. 4కేలో పెట్టినది 4కేలో చేతికి రాదు.

గూగుల్ ఫొటోస్‌లో అన్‌లిమిటెడ్ ఫ్రీ స్టోరేజ్ 2021 జూన్ 1తో అయిపోయింది. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి 15 జీబీ. మన లెక్క ప్రకారం అది ఒక్క వారం ఫుటేజ్‌కే చాలదు. 'స్టోరేజ్ సేవర్' పెట్టుకుంటే 4కే వీడియోలు 1080పీకి తగ్గిపోతాయి.

ఇంకా ముఖ్యమైనది, సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అంటే రెండు చోట్లా ఒకేలా ఉంచడం. ఫోన్ గ్యాలరీలో పొరపాటున డిలీట్ చేస్తే క్లౌడ్‌లో కూడా డిలీట్ అయిపోతుంది. ట్రాష్‌లో గూగుల్ ఫొటోస్ అయితే బ్యాకప్ అయినవాటిని 60 రోజులు, ఐక్లౌడ్ అయితే 30 రోజులు ఉంచుతుంది. ఆ తర్వాత అంతే. ఒకచోట తప్పు జరిగినా రెండోచోట చెక్కుచెదరకుండా ఉంటేనే దాన్ని బ్యాకప్ అనాలి.

వాట్సాప్ సంగతి చెప్పక్కర్లేదు. వీడియోగా పంపితే కుదించేస్తుంది. ఫ్రెండ్ ఎడిట్ చేసి పెడతానంటే డాక్యుమెంట్‌గా పంపండి. 2 జీబీ వరకు ఒరిజినల్ క్వాలిటీతోనే వెళ్తుంది.

ప్లాట్‌ఫామ్‌ని నమ్ముకుంటే ఏమవుతుందో మన దేశంలో అందరం చూశాం. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను బ్యాన్ చేసింది. అందులో టిక్‌టాక్ ఉంది. తెలుగులో కూడా ఎంతోమందికి అక్కడ ఫాలోవర్లు ఉండేవారు. ఫాలోవర్లు ఎవరికీ మిగల్లేదు, అది ఎవరి చేతిలోనూ లేదు. కానీ ఒరిజినల్ క్లిప్‌లు దాచుకున్నవాళ్లకు ఇంకోచోట మొదలుపెట్టడానికి సరుకు ఉంది. యాప్‌లోనే షూట్ చేసి, యాప్‌లోనే ఎడిట్ చేసి వదిలేసినవాళ్లు సున్నా నుంచి మొదలుపెట్టాల్సిందే. యాప్ వాళ్లది, ఆడియన్స్ కొంతవరకు వాళ్లదే. మీ చేతిలో ఉన్న ఫైల్ ఒక్కటే మీది.

3-2-1: గుర్తుపెట్టుకోవాల్సిన రూల్ ఇదొక్కటే

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన రూల్ ఇది. ప్రతి ఫైల్‌కీ 3 కాపీలు ఉండాలి. అవి 2 రకాల మీడియా మీద ఉండాలి. వాటిలో 1 కాపీ వేరే చోట ఉండాలి.

మూడోది చాలామంది పట్టించుకోరు. రెండు డ్రైవ్‌లూ ఒకే బ్యాగ్‌లో పెట్టుకుంటే, బ్యాగ్ బస్సులో మర్చిపోయినప్పుడు రెండూ పోతాయి. ఇంట్లో దొంగతనం జరిగినా, వరద నీళ్లు వచ్చినా అంతే.

దీనికి సినిమా ఫీల్డ్‌లోనే ఒక గట్టి ఉదాహరణ ఉంది. 1998లో పిక్సార్‌లో 'టాయ్ స్టోరీ 2' తయారవుతున్నప్పుడు, ఒక డిలీట్ కమాండ్ పొరపాటున రన్ అయి సర్వర్‌లోని సినిమా ఫైల్స్ చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే అది సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. సినిమాని కాపాడింది గాలిన్ సస్మన్ ఇంట్లో ఉన్న కంప్యూటర్. చిన్న బిడ్డ ఉండటంతో ఆమె ఇంటి నుంచి పనిచేస్తూ ఉండేవారు, దానికోసం సినిమా కాపీ ఒకటి ఇంట్లో ఉంది. అంత పెద్ద స్టూడియోకే వేరే చోట ఉన్న ఒక్క కాపీ దిక్కయింది. ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టా, లేనట్టా తెలియదు.

మన బడ్జెట్‌లో 3-2-1 ఇలా చేసుకోవచ్చు:

1. మొదటి కాపీ: ఎడిట్ చేసే కంప్యూటర్‌లో గానీ, దానికి తగిలించిన ఎస్ఎస్‌డీలో గానీ. ఇది పని చేసుకునే కాపీ.
2. రెండో కాపీ: ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. కాపీ అవ్వగానే తీసి బీరువాలో పెట్టేయాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు కంప్యూటర్‌తో పాటు అది కూడా లాక్ అయిపోతుంది.
3. మూడో కాపీ: ఇంకో హార్డ్ డిస్క్ మీ ఊళ్లోనో, నమ్మకమైన ఫ్రెండ్ ఇంట్లోనో. హైదరాబాద్‌లో ఉంటూ నెలకోసారి ఇంటికి వెళ్లేవాళ్లు అయితే, రెండు డ్రైవ్‌లను వెళ్లినప్పుడల్లా మార్చుకుంటే సరిపోతుంది.

క్లౌడ్ పెట్టుకోవచ్చు కదా అంటారా? తప్పకుండా, కానీ లెక్క చూసుకోండి. మీ ఇంట్లో అప్‌లోడ్ స్పీడ్ 20 ఎంబీపీఎస్ అయితే 10 జీబీ ఎక్కడానికి గంటకి పైనే పడుతుంది. అందుకే క్లౌడ్‌కి మొత్తం ఫుటేజ్ కాకుండా ఫైనల్ వీడియోలు, స్క్రిప్టులు, థంబ్‌నెయిల్స్, మళ్లీ దొరకని ముఖ్యమైన క్లిప్‌లు పంపండి.

ఎక్కువ కాలం దాచడానికి ఎస్ఎస్‌డీ, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డ్ కంటే మామూలు హార్డ్ డిస్క్ మేలు. ఫ్లాష్ మెమరీని కరెంట్ లేకుండా ఏళ్లతరబడి పక్కన పడేస్తే డేటా పాడయ్యే అవకాశం ఉంది. ఎడిటింగ్‌కి ఎస్ఎస్‌డీ, దాచడానికి హార్డ్ డిస్క్ అని గుర్తుపెట్టుకోండి. హార్డ్ డిస్క్ కింద పడకుండా చూసుకోండి, దాంట్లో తిరిగే ప్లేట్లు ఉంటాయి.

ఫైల్ పేరు సరిగ్గా ఉంటే సగం పని అయినట్టే

ఇది బోరింగ్‌గా అనిపిస్తుంది కానీ టైమ్ మిగిల్చేది ఇదే. ఒక ప్రాజెక్టుకి ఒక ఫోల్డర్. పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ, ఆపైన విషయం. ఉదాహరణకి '2025-01-12_ఆత్రేయపురం_పూతరేకులు'. తేదీని ఇలా తిప్పి రాస్తే కంప్యూటర్ వాటంతట అవే వరుసలో పేరుస్తుంది. '12-01-2025' అని రాస్తే అన్ని నెలల 12వ తేదీలు ఒకచోట కలిసిపోతాయి.

లోపల ఐదు ఫోల్డర్లు చాలు: వీడియో, ఆడియో, గ్రాఫిక్స్, ప్రాజెక్ట్, ఫైనల్. ఈ ఖాళీ ఫోల్డర్ల సెట్‌ను ఒకసారి తయారుచేసి పెట్టుకుని, కొత్త వీడియో మొదలుపెట్టినప్పుడల్లా కాపీ చేసుకోండి. దాంతో పాటు ఒక నోట్స్ ఫైల్ పెట్టండి. ఎవరితో మాట్లాడారు, ఏ ఊరు, ఏ పాట ఎక్కడి నుంచి తీసుకున్నారు, దాని లైసెన్స్ ఏంటి అన్నీ అందులో రాయండి. ఆరు నెలల తర్వాత కాపీరైట్ క్లెయిమ్ వస్తే ఆ ఫైలే మీ సాక్ష్యం.

క్రియేటివిటీకి దీనికి సంబంధం ఏంటి అంటారా? బోలెడంత ఉంది. వర్షం పడుతున్న పొలం షాట్ ఒకటి కావాలి. పోయిన ఆగస్టులో తీశారని గుర్తుంది. ఫోల్డర్ సరిగ్గా ఉంటే రెండు నిమిషాల్లో దొరుకుతుంది. లేకపోతే గంట వెతికి, విసుగొచ్చి, ఇంటర్నెట్‌లో దొరికే ఏదో స్టాక్ వీడియో పెట్టేస్తారు. మీ వీడియోకి మీ ఊరి ముఖం పోయి అందరి వీడియోల్లా తయారవుతుంది. యూట్యూబ్ షార్ట్స్ నిడివి 2024 అక్టోబర్ నుంచి 3 నిమిషాలకి పెరిగింది. పాత వీడియోలో వాడకుండా వదిలేసిన మంచి ముక్కలకు ఇప్పుడు చోటుంది. కానీ ఆ ముక్కలు మీ దగ్గర ఉండాలి కదా.

ప్రాజెక్ట్ ఫైల్ అంటే వీడియో కాదు

ఎడిటింగ్ ప్రాజెక్ట్ ఫైల్‌లో క్లిప్‌లు ఉండవు. ఏ క్లిప్ ఎక్కడ కట్ అయింది అనే సమాచారం మాత్రమే ఉంటుంది. ఒరిజినల్ క్లిప్ డిలీట్ చేసినా, ఫోల్డర్ మార్చినా 'మీడియా ఆఫ్‌లైన్' అని ఎర్రగా చూపిస్తుంది. డావిన్చి రిజాల్వ్ అయితే ప్రాజెక్టులను తన సొంత డేటాబేస్‌లో పెట్టుకుంటుంది. కాబట్టి వీడియో ఫోల్డర్ కాపీ చేసినంత మాత్రాన ప్రాజెక్ట్ రాదు. పని అయిపోయాక ప్రాజెక్ట్ ఆర్కైవ్ ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే క్లిప్‌లతో సహా ఒకేచోట వస్తుంది.

ఫోన్‌లో ఎడిట్ చేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చాలా యాప్‌లలో ప్రాజెక్టులు యాప్ లోపలే ఉంటాయి. స్టోరేజ్ కోసం యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసినా, డేటా క్లియర్ చేసినా అవి కూడా పోతాయి.

అకౌంట్ పోయినా అంతా పోయినట్టే

ఫైల్స్ భద్రంగా ఉన్నా ఛానల్ పోతే కష్టమే. 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ లాంటి పెద్ద ఛానల్‌నే హ్యాక్ చేసి క్రిప్టో స్కామ్ లైవ్‌స్ట్రీమ్‌లు పెట్టారు. స్పాన్సర్‌షిప్ ఆఫర్ అంటూ వచ్చిన ఫైల్‌ని టీమ్‌లో ఒకరు తెరవడంతో మొదలైంది అది. ఆ మాల్‌వేర్ పాస్‌వర్డ్ అడగదు. బ్రౌజర్‌లో ఆల్రెడీ లాగిన్ అయి ఉన్న సెషన్‌నే ఎత్తుకెళ్తుంది. అందుకే టూ-స్టెప్ వెరిఫికేషన్ ఉన్నా ఆగలేదు.

చేయాల్సినవి నాలుగు. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఎలాగూ ఆన్ చేయండి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి దాచండి. కొత్త బ్రాండ్ పంపిన జిప్ ఫైల్‌ని ఎడిటింగ్ కంప్యూటర్‌లో తెరవకండి. ఎడిటర్‌కి పాస్‌వర్డ్ ఇవ్వకండి, యూట్యూబ్ స్టూడియోలో పర్మిషన్స్ ఇచ్చే ఆప్షన్ ఉంది. క్రాక్ చేసిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి, ఇలాంటి మాల్‌వేర్ వాటితో పాటే వచ్చేస్తుంది. రిజాల్వ్‌కి ఫ్రీ వెర్షన్ ఉంది, మొదలుపెట్టడానికి అది చాలు.

షూట్ అయ్యాక 15 నిమిషాల రొటీన్

- ఇంటికి రాగానే ఫోన్ కనెక్ట్ చేయండి. 'కట్' కాదు, 'కాపీ' మాత్రమే చేయండి. మధ్యలో కేబుల్ ఊడినా ఒరిజినల్ ఫోన్‌లో ఉంటుంది.
- ఫైల్స్ సంఖ్య, మొత్తం సైజ్ రెండు వైపులా ఒకటేనా చూడండి. రెండు మూడు క్లిప్‌లు తెరిచి మధ్యలో ప్లే చేయండి.
- రెండో డ్రైవ్‌కి కాపీ పెట్టండి. యూఎస్‌బీ 2.0 అయితే అది కాపీ అవుతుండగా భోజనం చేసి రండి.
- రెండు కాపీలు సరిగ్గా ఉన్నాయని చూశాకే ఫోన్‌లోంచి డిలీట్ చేయండి.
- వీడియో అప్‌లోడ్ అయ్యాక ఒకసారి వడపోయండి. ఫోకస్ పోయినవి, నేలని తీసినవి తీసేయండి. మనుషులు మాట్లాడిన క్లిప్‌లు మాత్రం బాగా లేకపోయినా ఉంచండి.
- మూడు నెలలకోసారి బీరువాలోని డ్రైవ్ తీసి, ఏదో ఒక పాత ఫోల్డర్ తెరిచి చూడండి.

కొత్త ఫోన్‌కి బడ్జెట్ వేసుకుంటున్నవాళ్లకు చివరగా ఒక సలహా. కెమెరా కాస్త మెరుగ్గా ఉన్న పై మోడల్‌కి వెళ్లాలా వద్దా అని ఊగుతుంటే, ముందు రెండు హార్డ్ డిస్క్‌లు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే కింది మోడల్ తీసుకుని, మిగిలిన డబ్బుతో అవి కొనండి. కాస్త గ్రెయిన్ ఉన్న వీడియోని జనం చూస్తారు. లేని వీడియోని ఎవరూ చూడలేరు.